ఓనర్ బాకీ పడితే కిరాయిదారు ఇంటి నల్లాను అసోసియేషన్ బంద్ చేయొచ్చా?

ప్రశ్న: మహబూబ్‌నగర్‌లో భూత్పూర్ రోడ్డు వైపు ఒక గేటెడ్ అపార్ట్‌మెంట్‌లో కిరాయికి ఉంటున్నాను. నా పేరు మీద రాసుకున్న 11 నెలల అగ్రిమెంటు ఎప్పుడో ముగిసింది. ఆ తర్వాత కూడా ఓనర్ నెలనెలా కిరాయి తీసుకుంటూనే ఉన్నారు. ఇప్పుడు వారంలో ఖాళీ చేయమంటున్నారు. అడ్వాన్స్ అడిగితే పెయింటింగ్‌కే సరిపోతుందంటున్నారు. ఆయన మెయింటెనెన్స్ బాకీ ఉన్నారని అసోసియేషన్ వాళ్లు మా ఫ్లాట్ నల్లా వాల్వ్ బంద్ చేశారు. బాకీ తీరేదాకా సామాను గేటు దాటనివ్వం అంటున్నారు. ఏం చేయాలి?
– ఒక గృహిణి

జవాబు: అమ్మా, ముందు నీళ్ల సంగతి చూద్దాం. ఇంట్లో పిల్లలో, పెద్దవాళ్లో ఉంటే ఒక్క పూట కూడా గడవదు. ఓనర్ బాకీ ఉంటే అసోసియేషన్ ఆయన మీద దావా వేసుకోవాలి. ఆ బాకీ కోసం మీ నల్లా కట్టేయడానికి, మీ సామాను తీసుకెళ్లే డీసీఎం వ్యాన్‌ను గేటు దగ్గర ఆపడానికి వాళ్లకు హక్కు లేదు. సెక్యూరిటీ గార్డుతో వాదన పెట్టుకోకండి, అతను పైవాళ్లు చెప్పిందే చేస్తాడు. అసోసియేషన్ ప్రెసిడెంటుకు, సెక్రటరీకి కాగితం మీద రాసిచ్చి, రెండో కాపీ మీద అందినట్టు సంతకం తీసుకోండి. మూసిన వాల్వ్‌ను తేదీ కనపడేలా ఫొటో తీయండి. అయినా వినకపోతే సివిల్ కోర్టులో ఇంజంక్షన్, అంటే వాళ్లు అలా చేయకుండా ఆపే ఉత్తర్వు, అడగవచ్చు. సామాను ఆపిన రోజు మాత్రం ఆలోచించకుండా 100కు ఫోన్ చేయండి.

అయితే అగ్రిమెంటు ఒకసారి తీసి చదవండి. మెయింటెనెన్స్ మీరే కట్టాలని అందులో ఉంటే, మీరున్న నెలల వరకు ఆ డబ్బు మీరే కట్టాలి. మీరు రాకముందు బాకీతో మీకు సంబంధం లేదు.

ఇక వారం గడువు. అగ్రిమెంటు కాలం తీరాక కూడా ఓనర్ కిరాయి తీసుకుంటే, 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 116వ సెక్షన్ ప్రకారం మీది నెలవారీ కిరాయిదారీ అవుతుంది. ఫోన్‌పేలోనో, బ్యాంకులోనో కట్టిన లెక్కే అందుకు సాక్ష్యం. దాన్ని రద్దు చేయాలంటే 106వ సెక్షన్ కింద ఆయన 15 రోజుల ముందు రాతపూర్వకంగా నోటీసు ఇవ్వాలి. ఆ గడువు దాటినా మీరు కదలకపోతే కోర్టుకు వెళ్లాలే తప్ప తాళం మార్చకూడదు. మార్చేస్తే, ఆరు నెలల లోపు దావా వేసి మీరు ఇల్లు తిరిగి పొందవచ్చు. ఈలోగా కిరాయి మాత్రం ఆపకండి. ఓనర్లు మొదట పట్టుకునేది అదే.

పెయింటింగ్‌కు ఇంత కోత అని అగ్రిమెంటులో రాసుంటే దానికి కట్టుబడాలి. లేకపోతే, రోజూ వాడే ఇంట్లో గోడలు మాసిపోవడం మీ తప్పు కాదు, దానికి అడ్వాన్స్ మొత్తం పట్టుకోవడం కుదరదు. పగిలిన సింకు, విరిగిన తలుపు లాంటివైతే వేరు.

అడ్వాన్స్ కోసం నేరుగా కోర్టు మెట్లెక్కే ముందు, కోర్టు ఆవరణలో ఉండే జిల్లా న్యాయసేవాధికార సంస్థలో దరఖాస్తు ఇవ్వండి. ఆదాయంతో పని లేకుండా మహిళలకు అక్కడ న్యాయ సహాయం ఉచితం. ఓనర్‌ను పిలిపించి లోక్ అదాలత్‌లో రాజీకి ప్రయత్నిస్తారు. రాజీ కుదిరితే అక్కడ ఇచ్చే అవార్డుకు, అంటే రాజీ ఉత్తర్వుకు, కోర్టు డిక్రీతో (తీర్పుతో) సమానమైన విలువ ఉంటుంది, దాని మీద అప్పీలు ఉండదు. ఖాళీ చేసే రోజు ప్రతి గదినీ వీడియో తీసి, తాళాలు అప్పజెప్పినట్టు ఓనర్ చేత రాయించుకోండి.