తెలుగు మీడియంలో చదివి అమెరికాలో రైటింగ్ సెంటర్ ట్యూటర్‌గా చేయగలమా? ట్రైనింగ్ ఎలా ఉంటుంది?

విద్యార్థులు తమ వ్యాసాలు, పేపర్లు పట్టుకొచ్చి సాయం అడిగే క్యాంపస్ రైటింగ్ సెంటర్‌లో మిమ్మల్ని ట్యూటర్‌గా తీసుకున్నారు, ఆగస్టులో ట్రైనింగ్, మన ఇంగ్లిషుతో అక్కడి పిల్లలకు ఏం చెబుతాం అని టెన్షన్‌గా ఉందన్నారు. చెప్పగలరు. నేను మిడ్‌వెస్ట్‌లో ఒక స్టేట్ యూనివర్సిటీలో పీహెచ్‌డీ చేస్తూ ఈ పని చేశాను. తర్వాత కొత్త ట్యూటర్లకు ట్రైనింగ్ కూడా ఇచ్చాను.

సాధారణంగా సెమిస్టర్‌కు ముందు ఓరియంటేషన్, ఆ తర్వాత అప్పుడప్పుడు స్టాఫ్ మీటింగులు ఉంటాయి. మొదట చెప్పేది, వాక్యాలు దిద్దొద్దని. అసైన్‌మెంట్ అడిగినదానికి జవాబు ఉందా, వాదన నిలబడుతోందా అన్నవి ముందు చూడాలి. గ్రామర్ తర్వాత. బాగుపడాల్సింది పేపర్ కాదు, రాసే మనిషి అని రచనా బోధన మీద పనిచేసిన అమెరికన్ ప్రొఫెసర్ స్టీఫెన్ నార్త్ 1984లో ఒక వ్యాసంలో వాదించాడు. ఈ రంగంలో ఇప్పటికీ ఆ మాట చుట్టూనే చర్చంతా.

నా లెక్కలో అసలు ట్రైనింగ్ మాత్రం సీనియర్ల సెషన్ పక్కన కూర్చుని చూడటమే. వాళ్లు ఏం చెబుతున్నారన్నది కాదు, ఎప్పుడు ఊరుకుంటున్నారో చూడండి. పెన్ను ఎవరి చేతిలో ఉంది? ప్రశ్న అడిగాక ఎంతసేపు ఆగుతున్నారు? మాస్టారు ఎర్ర ఇంకుతో దిద్దితే నేర్చుకున్నవాళ్లం కదా, ఆ కాసేపు మౌనం మనకు భరించరానిదిగా ఉంటుంది. మీ సెషన్‌ను కూడా ఎవరైనా చూసి నోట్స్ ఇమ్మని డైరెక్టర్‌ను అడగండి. మొదట ఇబ్బందిగానే ఉంటుంది, అయినా అడగండి.

ఒక్క విషయంలో ట్రైనింగ్‌తో నాకు పేచీ ఉంది. జవాబు చెప్పొద్దు, ప్రశ్నలే అడగమంటారు. చైనా విద్యార్థి ఇక్కడ 'ది' రావాలా అని అడిగితే "నువ్వేమనుకుంటున్నావు?" అనడం ఏం న్యాయం? తెలిస్తే అడుగుతాడా? తెలుగులాగే చైనీస్‌లోనూ ఆర్టికల్స్ లేవు. చాలామంది అమెరికన్ ట్యూటర్లు "అలా అంటేనే బాగుంటుంది" అని ఊరుకుంటారు, ఎందుకో చెప్పలేరు. మనం రూల్స్ బట్టీపట్టి నేర్చుకున్నాం కాబట్టి చెప్పగలం. భాష సంగతి అడిగితే సూటిగా చెప్పేయండి. ప్రశ్నలన్నీ వాదన గురించి అడగండి.

సీఆర్ఎల్ఏ (కాలేజ్ రీడింగ్ అండ్ లెర్నింగ్ అసోసియేషన్) సర్టిఫికెట్ గురించీ అడిగారు. ఆ సంస్థ గుర్తింపు ఇచ్చేది ట్రైనింగ్ ప్రోగ్రామ్‌కు, విడిగా మనకు కాదు. మీ సెంటర్‌కు ఆ గుర్తింపు ఉంటే కనీసం 10 గంటల ట్రైనింగ్, 25 గంటల ట్యూటరింగ్‌తో సెంటర్ ద్వారా మీకు లెవెల్ వన్ సర్టిఫికెట్ వస్తుంది. టీచింగ్ వైపు వెళ్లాలనుకుంటే రెజ్యూమేలో పనికొస్తుంది. సాఫ్ట్‌వేర్ ఉద్యోగానికైతే ఎవరూ పట్టించుకోరు.

దానికన్నా కాన్ఫరెన్సులు మేలు. పీర్ ట్యూటర్ల (తోటి విద్యార్థులకు సాయం చేసే విద్యార్థుల) కోసం 1984 నుంచి జరుగుతున్న ఎన్‌సీపీటీడబ్ల్యూ (నేషనల్ కాన్ఫరెన్స్ ఆన్ పీర్ ట్యూటరింగ్ ఇన్ రైటింగ్)లో విద్యార్థులే పేపర్లు చదువుతారు. ఖర్చులు సెంటర్ ఇస్తుందేమో కనుక్కోండి, అడగందే అమ్మైనా పెట్టదు.

మీరు ఎఫ్-1 స్టూడెంట్ వీసా మీద ఉంటే ఒక జాగ్రత్త. జీతం ఇచ్చే ట్రైనింగ్, స్టాఫ్ మీటింగుల గంటలు కూడా సెమిస్టర్‌లో వారానికి 20 గంటల పరిమితిలోకే వస్తాయి. షిఫ్టులు ఒప్పుకునేటప్పుడు అవి కలిపి లెక్క చూసుకోండి.