ఇంట్లో ఏ పేరుతో పిలుస్తున్నారు?

ప్రశ్న: మాది రాయగడ. మా రెండోవాడికి 19 ఏళ్లు. తను అమ్మాయినని, వేరే పేరుతో పిలవమని ఆర్నెల్ల కిందట చెప్పాడు. అప్పట్నించి వాళ్ల నాన్న మాట్లాడ్డం మానేశారు. మజ్జిగౌరి జాతరకి వచ్చిన చుట్టాలు నలుగురిలో నానా మాటలూ అన్నారు. మూడు వారాలుగా సరిగ్గా తినడు, తెల్లవార్లూ మేలుకునే ఉంటాడు, కాలేజీకి వెళ్లడు. ఇది మానసిక జబ్బా? ‘మార్చేసే’ డాక్టరు ఒకరున్నారంటున్నారు, తీసుకెళ్లమంటారా? – ఒక తల్లి

జవాబు: వద్దమ్మా, అక్కడికి తీసుకెళ్లకండి. తాను అమ్మాయినని మీ బిడ్డ చెప్పడం జబ్బు కాదు, అందుకే ఇక్కడ ‘ఆమె’ అనే రాస్తున్నాం. 2022 జనవరి 1 నుంచి అమల్లో ఉన్న ప్రపంచ ఆరోగ్య సంస్థ వ్యాధుల పట్టిక ఐసీడీ-11 దీన్ని మానసిక రుగ్మతల్లోంచి తీసేసింది. ఇలా ‘మార్చే’ వైద్యం చెయ్యడం డాక్టరు వృత్తికే తప్పని జాతీయ వైద్య కమిషన్ 2022లో చెప్పింది. ఆ వైద్యంతో మార్పేమీ రాదు. కన్నవాళ్లే తనని పట్టించారన్న బాధ మాత్రం మిగిలిపోతుంది.

తిండి, నిద్ర, చదువు పోవడం మాత్రం జబ్బు లక్షణాలే. దిగులుగానీ, దేనిమీదా ఆసక్తి లేకపోవడంగానీ రెండు వారాలకు మించి రోజులో ఎక్కువసేపు ఉంటే డిప్రెషన్ అనుమానించాలి. దానికి కారణం చాలావరకు మీ ఉత్తరంలోనే కనిపిస్తోంది. తండ్రి పలకరు, చుట్టాలు ఊరుకోరు. అన్న మాట ఆ పూటతో పోదు. రేపు ఇంకెవరేమంటారోనని ముందే గుండె దడ, నడకా గొంతూ దాచుకోవడం, చివరికి వాళ్లన్నదే నిజమేమోనని తనమీద తనకే రోత. దీన్నే మైనారిటీ స్ట్రెస్ అంటారు. ట్రాన్స్‌జెండర్లలో డిప్రెషన్, ఆత్మహత్యా ప్రయత్నాలు ఎక్కువగా ఉండడానికి పెద్ద కారణం ఇదే. కాబట్టి మందు వేసి, ఇంట్లో మాటలు అలాగే సాగనిస్తే సగం వైద్యమే అవుతుంది.

ముందు పేరు సంగతి. అమెరికాలో 15–21 ఏళ్ల ట్రాన్స్‌జెండర్ యువత 129 మందిపై జరిగిన ఒక పరిశోధన 2018లో వెలువడింది. ఇల్లు, బడి, పనిచేసే చోటు, స్నేహితులు – వీటిలో ఒక్కచోట అదనంగా వాళ్లు కోరుకున్న పేరుతో పిలిస్తే ఆత్మహత్య ఆలోచనలు 29 శాతం తక్కువగా కనిపించాయి. ఇవాళే ‘నిన్ను ఏమని పిలవమంటావమ్మా?’ అని అడగండి. నోటికి పాత పేరు వచ్చేస్తుంది, సహజమే. వెంటనే సరిదిద్దుకుని మాట కొనసాగించండి. పొడుగ్గా క్షమాపణలు చెప్పుకుంటూ కూర్చుంటే మిమ్మల్ని ఓదార్చే భారం మళ్లీ ఆమెమీదే పడుతుంది. బయట ఎవరికి చెప్పాలో, ఎప్పుడు చెప్పాలో ఆమెనే తేల్చుకోనివ్వండి. చుట్టాలకి ఒక్కమాట చాలు: ‘మా పిల్ల సంగతి మేం చూసుకుంటాం, ఈ ఇంట్లో ఆ మాట వద్దు.’ అది ఆమె వినేలా అనండి. చాటున అంటే ఆమెకి దక్కదు.

రెండోది ఇవాళ సాయంత్రంలోగా జరగాలి. పత్తి పండించే ఇళ్లలో పురుగుమందు డబ్బాలు పశువుల పాకలోనో, అటకమీదో ఉంటాయి. మీ ఇంట్లో ఉంటే బయటికి చేర్చండి. కుదరకపోతే తాళం వేసి తాళంచెవి మీ దగ్గరే పెట్టుకోండి. మాత్రల స్ట్రిప్పులూ అంతే. చచ్చిపోవాలన్న తలపు గట్టిగా ఉండే సమయం తరచూ చాలా తక్కువ. ఆ కాసేపు చేతికి విషం దొరకకపోతే ప్రాణం దక్కుతుంది. ‘చచ్చిపోవాలనిపిస్తోందా?’ అని సూటిగా అడగండి. అడిగితే ఆ ఆలోచన పుట్టదు, లోపల ఉన్నది బయటపడుతుంది.

తర్వాత జిల్లా ప్రధాన ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగానికి, లేదా కోరాపుట్‌లోని శహీద్ లక్ష్మణ్ నాయక్ మెడికల్ కాలేజీకి తీసుకెళ్లండి. పాత పేరుతో కేకేస్తే ఆమె అక్కణ్ణుంచే వెనక్కి తిరగొచ్చు. చీటీ తీసుకునేటప్పుడే నంబరుతో పిలవమని అడగండి. డిప్రెషన్ మందులు పనిచెయ్యడం మొదలవ్వాలంటే రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది. పదోరోజుకే ‘గుణం లేదు’ అని మానేస్తారు చాలామంది, అక్కడే దెబ్బ తింటారు. తేరుకున్నాక కూడా కనీసం ఆరు నెలలు వాడాలి. ఎప్పుడు ఆపాలో డాక్టరే చెప్పాలి.

వాళ్ల నాన్న ‘ఇంట్లోంచి పొమ్మంటాను’ అనే దాకా వస్తే, 2019 ట్రాన్స్‌జెండర్ చట్టం 12వ సెక్షన్ ఆమెకి ఆ ఇంట్లో ఉండే హక్కు ఇచ్చిందని చెప్పండి. అయితే ఆయనతో మాట చట్టంతో మొదలుపెట్టకండి. పిల్ల తినడం లేదన్న సంగతితో మొదలుపెట్టండి.

ప్రశ్న: బరంపురంలో బట్టల షాపులో పనిచేస్తున్న ట్రాన్స్ మహిళను. ఒళ్లు ఆడవాళ్లలా మారాలని గర్భనిరోధక మాత్రలు రోజుకి మూడు చొప్పున మింగుతున్నాను, ఒక చెల్లి చెప్పింది. మనసు మరీ చికాగ్గా ఉంటోంది.

జవాబు: ఆ మోతాదు మీకు మీరే వాడకండి తల్లీ. ఆ మాత్రల్లో ఉండే ఈస్ట్రోజన్ (ఆడ హార్మోన్) రకంతో రక్తం గడ్డకట్టే ముప్పు ఎక్కువ, పొగ తాగితే ఇంకా ఎక్కువ. ఒక కాలు వాచి నొప్పెడితే, ఆయాసంగానీ ఛాతీ నొప్పిగానీ వస్తే ఆ క్షణమే ఎమర్జెన్సీకి వెళ్లాలి. చికాకు హార్మోన్ల ఎగుడుదిగుళ్ల వల్లా రావచ్చు, షాపులో పడే మాటల వల్లా రావచ్చు. ఎంకేసీజీ మెడికల్ కాలేజీలో మానసిక వైద్యులకి మాత్రల సంగతి దాచకుండా చెప్పండి. హార్మోన్లు వద్దనడం లేదు, రక్తపరీక్షలతో, సరైన మందుతో, వైద్యుల చేతిమీదుగా వాడాలంటున్నాం.

ప్రశ్న: పర్లాకిమిడిలో నా స్నేహితురాలు, ట్రాన్స్ మహిళ, అర్ధరాత్రి ఫోన్ చేసి ‘ఇక బతకను’ అంటుంది. నాకు ఒడియా అంతంతమాత్రం. ఏం చెయ్యాలి?

జవాబు: ‘ఎక్కడున్నావు, పక్కన ఎవరున్నారు, చేతిలో ఏముంది?’ అని అడగండి. చేతిలో పురుగుమందుగానీ మాత్రలుగానీ ఉంటే ఫోన్ పెట్టెయ్యకుండా ఆమె దగ్గరికి మనిషిని పంపండి, లేదా 108కి చెప్పండి. ప్రమాదం వెంటనే లేకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి చెయ్యండి, 24 గంటలూ పనిచేస్తుంది, ఖర్చు లేదు, తెలుగులోనూ మాట్లాడొచ్చు. ఆత్మహత్యకి ప్రయత్నించినవాళ్లు తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నారనే 2017 మానసిక ఆరోగ్య చట్టం భావిస్తుంది, కేసు భయంతో ఆసుపత్రి ఆలస్యం చెయ్యకండి. తెల్లారాక ఓపీకి ఆమెను ఒంటరిగా పంపకండి, మీరూ వెళ్లండి.