డాలస్ రేగడి మీద ఇల్లు: పునాదిని జాకీలతో ఎత్తించే ముందు

డాలస్ వైపు కొత్తగా ఇల్లు కొన్న మనవాళ్లు ఆగస్టు వచ్చేసరికి అడిగే ప్రశ్న ఇది. తలుపు పైమూల నుంచి ఏటవాలుగా బీట వచ్చింది, పడకగది తలుపు పట్టేస్తోంది, ఉచితంగా చూస్తామన్న కంపెనీ మనిషి వచ్చి 18 పియర్లు (ఇంటిని మొయ్యడానికి పునాది కింద లోతుగా దింపే స్తంభాలు) వెయ్యాలన్నాడు, ఈ వారంలో సంతకం పెడితే తగ్గింపు ఇస్తానన్నాడు, పెట్టెయ్యమంటారా?

పెట్టకండి. ముందు మీ ఇంటి కింద మట్టి ఏం చేస్తోందో తెలుసుకోవాలి. కుంగిన అంచుని ఎత్తడం, ఉబ్బిన నడుముని తగ్గించడం రెండూ వేరు వేరు పనులు. బయటికి కనిపించే బీటలు మాత్రం రెండింటికీ ఒకేలా ఉంటాయి. ఒకదానికి చెయ్యాల్సిన వైద్యం ఇంకోదానికి చేస్తే డబ్బు పోవడమే కాదు, ఇల్లు ఇంకా పాడవుతుంది.

ప్లేనో, ఫ్రిస్కో, అలెన్, మెకిన్నీ చుట్టుపక్కల చాలా భాగం నల్ల బంకమట్టి నేల. గుంటూరు, కర్నూలు, ఆదిలాబాద్ రేగడి చూసినవాళ్లకి దీని స్వభావం చెప్పక్కర్లేదు. ఎండలకి చెయ్యి పట్టేంత నెర్రెలు ఇస్తుంది, వానకి ఉబ్బి పైకి తోస్తుంది. మన దగ్గర రేగడిలో ఇల్లు కట్టేటప్పుడు పునాది లోతుగా తీసి మట్టి మార్చడమో, అడుగున వెడల్పుగా ఉండే అండర్ రీమ్డ్ పైల్స్ వెయ్యడమో చేస్తారు. ఇక్కడ మామూలు ఇల్లు 4 నుంచి 5 అంగుళాల శ్లాబు మీద, దాని కింద కాంక్రీటు బీములతో, దాదాపుగా నేల మీదే కూర్చుని ఉంటుంది. మట్టి కదిలితే ఇల్లూ కదులుతుంది. న్యూజెర్సీలోనో చికాగోలోనో బేస్‌మెంట్ ఉన్న ఇళ్ల సంగతి వేరు, వాటికి ఈ సలహా వర్తించదు.

అన్ని బీటలకీ కంగారు పడకండి. గరాజ్ నేల మీద వెంట్రుకవాసి గీతలు కాంక్రీటు ఆరినప్పుడు వచ్చేవి. చూడాల్సినవి ఇవి: కిటికీ, తలుపు మూలల నుంచి ఏటవాలుగా సాగి ఒక చివర వెడల్పయ్యే బీట, బయట ఇటుకల మధ్య మెట్లు మెట్లుగా దిగే పగులు, చూరు కింద చెక్కకీ ఇటుకకీ మధ్య తెరుచుకున్న సందు, తలుపు మూసినప్పుడు పైన ఒక పక్క మందంగా, ఇంకో పక్క సన్నగా కనిపించే ఖాళీ. వీటిని ఫొటో తీసి, బీట చివర పెన్సిల్‌తో గీత పెట్టి, పక్కన తేదీ రాయండి. ఎండాకాలం తెరుచుకుని వసంతకాలపు వానలకి మూసుకునే బీట ఒక కథ చెబుతుంది, ఏడాది పొడుగునా పెరుగుతూనే పోయేది ఇంకో కథ చెబుతుంది.

తర్వాత మట్టం చూడాలి. మన మేస్త్రీలు నీళ్ల గొట్టంతో మట్టం చూసే పద్ధతే ఇక్కడా చక్కగా పనికొస్తుంది. హార్డ్‌వేర్ షాపులో లోపల వ్యాసం 3/8 అంగుళం ఉండే పారదర్శకమైన వినైల్ గొట్టం 50 అడుగులు కొనండి. రంగు కలిపిన నీళ్లు నింపి, లోపల బుడగ లేకుండా చూసుకోండి. బుడగ ఒక్కటున్నా లెక్క తప్పుతుంది. ఇల్లు మధ్యలో ఒక చోటుని సున్నా అనుకుని, అక్కడి నీటి మట్టం నేల నుంచి ఎంత ఎత్తుందో కొలవండి. రెండో కొసని ప్రతి గది మూలకీ తీసుకెళ్లి అదే కొలత తీసుకుని, ఇంటి ప్లాన్ మీద రాసుకోండి. కార్పెట్, టైల్, చెక్క నేలల మందం వేరు వేరుగా ఉంటుంది కాబట్టి ఆ తేడా తీసేయడం మర్చిపోవద్దు. చాలామంది కార్పెట్ గదిని ఉబ్బిందనుకునేది ఇక్కడే.

ఇంజనీర్లు మామూలుగా వాడే కొలబద్ద ప్రకారం, నేల వంగడం 30 అడుగులకి అంగుళం దాటితే ఆలోచించాలి. వంగకుండా మొత్తం ఇల్లు ఒక పక్కకి ఒరిగితే నూటికి ఒకటి వరకు చూస్తారు. శ్లాబు పోసిన రోజే ముప్పావు అంగుళం హెచ్చుతగ్గులు ఉండటం మామూలు కాబట్టి అర అంగుళం తేడా కనిపించగానే పియర్ల మాట ఎత్తక్కర్లేదు.

ఇప్పుడు అసలు ప్రశ్న: అంచులు దిగాయా, నడుము లేచిందా? ఎండాకాలం చివర అంచులు కిందకి ఉండి, ఇంటి చుట్టూ మట్టికీ కాంక్రీటుకీ మధ్య సందు తెరుచుకుంటే మట్టి ఎండి కుంగినట్టు. దగ్గర్లో పెద్ద చెట్టుంటే ఆ మూల ఇంకా దిగుతుంది. అదే ఏ కాలంలోనైనా ఇంటి నడుమ, ముఖ్యంగా బాత్‌రూమ్, వంటగది దగ్గర నేల ఉబ్బెత్తుగా ఉంటే పైపు లీకుని అనుమానించాలి. శ్లాబు కింద డ్రైన్ కారుతుంటే అక్కడి రేగడి నీళ్లు తాగి లేస్తుంది. అంచులు కుంగాయనుకుని వాటిని ఆ నడుము ఎత్తుకి లేపేస్తే, తర్వాత లీకు బాగుచేసి మట్టి ఆరాక నడుము దిగిపోతుంది, అంచులు పియర్ల మీద పైనే ఉండిపోతాయి.

అందుకే ప్లంబర్‌తో పరీక్ష ముందు చేయించండి. నీళ్లొచ్చే పైపుల సంగతి మీరే చూడొచ్చు. ఇంట్లో కుళాయిలు, ఐస్ మేకర్, స్ప్రింక్లర్ అన్నీ కట్టేసి వీధిలో మీటరు మూత తియ్యండి. చిన్న త్రికోణం ముల్లు తిరుగుతూ ఉంటే ఎక్కడో కారుతోంది. డ్రైన్ పైపులకి హైడ్రోస్టాటిక్ టెస్ట్ అడగండి. క్లీన్ఔట్‌లో (డ్రైన్ శుభ్రం చెయ్యడానికి బయట ఉంచే గొట్టం నోరు) గాలి బంతి పెట్టి, పైపుల్లో శ్లాబు మట్టం దాకా నీళ్లు నింపి, మట్టం దిగుతుందా అని చూస్తారు. దిగితే కెమెరా పంపి చోటు పట్టుకుంటారు. పాత ఇళ్లలో పోత ఇనుము పైపులు కింద అడుగుభాగం తుప్పుపట్టి పోతాయి. లీకు బాగయ్యాక ఆ మట్టి ఆరి నిలకడకి రావడానికి నెలలు పడుతుంది, అప్పటిదాకా ఎత్తే పని పెట్టుకోకండి.

ఇక ఇంజనీరు. టెక్సాస్‌లో పునాది బాగుచేసే కాంట్రాక్టర్‌కి రాష్ట్ర లైసెన్స్ అంటూ ఏమీ లేదు. లైసెన్స్ ఉండేది ప్రొఫెషనల్ ఇంజనీర్‌కి. పియర్లు అమ్మే కంపెనీతో సంబంధం లేని స్ట్రక్చరల్ ఇంజనీర్‌ని మీరే పిలిచి, మీరే డబ్బిచ్చి రిపోర్టు రాయించుకోండి. దానికయ్యేది వందల్లో, పియర్లకయ్యేది వేలల్లో. రిపోర్టులో మట్టాల మ్యాప్, కారణం, పియర్లు ఎక్కడ, ఎన్ని, కనీసం ఎంత లోతు అన్నవి ఉండాలి. చాలా ఊళ్లలో పర్మిట్‌కి కూడా ఇంజనీరు సంతకం కావాలి. ఇల్లు కొనబోతున్నవాళ్లయితే ఈ పని ఆప్షన్ పీరియడ్ (కొనుగోలు ఒప్పందం రద్దు చేసుకునే వీలుండే గడువు) రోజుల్లోనే అయిపోవాలి.

చాలా ఇళ్లకి పియర్లు అక్కర్లేదు, నీళ్లు సరిచేస్తే చాలు. గోడ నుంచి మొదటి 10 అడుగుల్లో నేల 6 అంగుళాలు బయటికి వాలాలి. చూరు గొట్టాల నీళ్లు గోడ మొదట్లో పడకుండా కనీసం 5 అడుగులు అవతలికి తీసుకెళ్లండి. గోడకి 12 నుంచి 18 అంగుళాల దూరంలో, 2, 3 అంగుళాల లోతున సోకర్ హోస్ (పొడుగునా నీళ్లు చెమర్చే గొట్టం) పరిచి, ఇంటి నాలుగు పక్కలా ఒకే తేమ ఉండేలా నడపండి. స్క్రూడ్రైవర్ 6 అంగుళాలు సులువుగా దిగితే తేమ సరిపోయినట్టు, బురద అంటితే ఎక్కువైనట్టు. మీ ఊరి నీటి ఆంక్షలు ముందు చూసుకోండి. పునాదికి సోకర్ హోస్ వాడుకోవడానికి చాలాచోట్ల వేరే నియమం ఉంటుంది. మట్టికీ గోడకీ మధ్య తెరుచుకున్న సందులో హోస్ పెట్టి నీళ్లు పొయ్యొద్దు. నీరు నేరుగా బీము అడుక్కి దిగి అక్కడి మట్టిని మెత్తబరుస్తుంది. ఆ సందుని ఇసుకతో నింపితే నీళ్లకి కాలువ తవ్వినట్టే.

మనవాళ్ల ఇళ్లలో ఎక్కువగా కనిపించేది ఇంకోటుంది. ఎండ బాగా పడుతుందని వెనక గోడకి ఆనించి గోంగూర, బెండ మళ్లు వేసి, చుట్టూ అంచు కట్టి రోజూ తడుపుతారు. మిగతా మూడు పక్కలా నేల నెర్రెలిస్తూ ఉంటుంది. తడి పక్క లేస్తుంది, పొడి పక్క దిగుతుంది, మధ్యలో గోడ చీలుతుంది. మళ్లని గోడ నుంచి 5, 6 అడుగులు దూరం జరపండి. గోడకి దగ్గరగా ఉన్న పెద్ద చెట్టుని మాత్రం ఒక్కసారిగా కొట్టించకండి. అది ఇన్నాళ్లూ పీల్చిన తేమ తిరిగొచ్చి మట్టి ఉబ్బుతుంది. వేర్లకి అడ్డుగోడ వేయించడం గురించి ఇంజనీరుని అడగండి.

పియర్లు నిజంగా కావలసి వస్తే మూడు రకాలు వినిపిస్తాయి. 6 అంగుళాల వ్యాసం, 12 అంగుళాల పొడుగున్న కాంక్రీటు దిమ్మల్ని ఒకదాని మీద ఒకటి పెట్టి ఇంటి బరువు ఆనించి హైడ్రాలిక్ జాకీతో దింపేవి చౌక. ఎండిన గట్టి మట్టిలో ఇవి తొందరగా ఆగిపోతాయి. వానలకి ఆ మట్టి మెత్తబడితే మళ్లీ కదులుతాయి. కనీస లోతు కాగితం మీద రాయించుకోమనేది ఇందుకే. ఉక్కు గొట్టాలు సన్నగా ఉండి ఇంకా లోతుకి దిగుతాయి. మూడోది గొయ్యి తొలిచి అడుగున వెడల్పు చేసి కాంక్రీటు పోసే బెల్ బాటమ్ పియరు, మన అండర్ రీమ్డ్ పైల్‌కి చుట్టమే. దీని కాంక్రీటు గట్టిపడేదాకా ఎత్తకూడదు, కాబట్టి రెండు విడతల పని. ఏదైనా గోడ వెంట 6 నుంచి 8 అడుగులకి ఒకటి వస్తుంది. లోపలి పియర్లకి ఇంటి నేల పగలగొట్టడమా, బయట నుంచి సొరంగం తవ్వడమా అని అడుగుతారు. మీది పోస్ట్ టెన్షన్ శ్లాబైతే (లోపల ఉక్కు తీగలు లాగి బిగించినది), గరాజ్ నేల మీద కొయ్యవద్దు అన్న ముద్ర ఉంటే, సొరంగమే మేలు. ఆ శ్లాబులో ఒక్కో తీగ దాదాపు 33,000 పౌండ్ల బిగింపులో ఉంటుంది. తెగితే మనిషి ప్రాణానికే ముప్పు. మీరు కూడా అందులో డ్రిల్ దింపకండి.

ఎత్తేటప్పుడు నేలని అద్దంలా చెయ్యమని పట్టుబట్టకండి. జాకీలన్నీ కొద్దికొద్దిగా కలిసి లేవాలి, తలుపులు సులువుగా పడే దగ్గర ఆపాలి. అర అంగుళం కోసం లాగితే ఇటుక గోడ చీలుతుంది, పైపుల జాయింట్లు ఊడతాయి. పని కాగానే హైడ్రోస్టాటిక్ టెస్ట్ మళ్లీ చేయించి, ఆ కాగితం తీసుకున్నాకే చివరి వాయిదా ఇవ్వండి. పియర్ల గోతులు తవ్విన మట్టితోనే పొరలు పొరలుగా దిమ్మిస కొట్టి పూడ్చాలి. వదులుగా వదిలేస్తే మొదటి వానకే పునాది పక్కన నీటి గుంటలవుతాయి.

మీ చేతులతో చేసుకోగలిగింది నడక దారి పలక ఎత్తడం. 4 అడుగుల చదరం, 4 అంగుళాల మందం పలక దాదాపు 800 పౌండ్లుంటుంది. ఒక అంచు లేపడానికి అందులో సగం చాలు. 5 అడుగుల గడ్డపార, ఆనుగా ఒక చెక్క దిమ్మ ఉంటే ఒక మనిషి లేపగలడు, ఇంకొకరు నింపాలి. తవ్వే ముందు 811కి ఫోన్ చేస్తే గ్యాస్, కరెంటు లైన్లకి ఉచితంగా గుర్తులు పెట్టి వెళ్తారు. పక్క పలకతో ఇనుప కడ్డీ కలిపి ఉంటే వదిలెయ్యండి. లేకపోతే కీళ్ల సందులో మట్టి అంతా గోకి తీసి, దిగిన అంచు పక్కన అడుగు వెడల్పు గొయ్యి తవ్వి, కావలసిన మట్టం కన్నా పావు అంగుళం ఎక్కువ లేపి, రెండు పక్కలా ఇటుక ముక్కలు తొయ్యండి. చెయ్యి కిందకి పోనివ్వొద్దు. ఆరు పాళ్ల రాతి పొడికి ఒక పాలు సిమెంటు, ముద్ద కట్టేంత తడితో కలిపి, కర్రతో కుక్కండి. ఒక పక్క 2 అంగుళాలు దిగిన పలకకి 50 పౌండ్ల రాతి పొడి సంచులు మూడు, సిమెంటు 20 పౌండ్లు పడుతుంది. ఇటుక ముక్కలు లాగేసి దించాక, ఇంటి నుంచి బయటికి అడుగుకి పావు అంగుళం వాలు మిగలాలి. అర అంగుళం కీలులో 5/8 అంగుళం ఫోమ్ తాడు దూర్చి, పైన పాలియురేథేన్ సీలెంట్ పావు అంగుళం మందాన పొయ్యండి. 10 ఔన్సుల ట్యూబు 12 అడుగులకి వస్తుంది.

డ్రైవ్‌వే పలక దగ్గర గడ్డపార పనికిరాదు. 10 అడుగుల చదరం పలకే 5,000 పౌండ్లు. దానికి మడ్‌జాకింగ్ వాళ్లనో, పలక కింద ఉబ్బే ఫోమ్ కొట్టేవాళ్లనో పిలవాలి. మడ్‌జాకింగ్‌లో సిమెంటు ముద్దని పెద్ద రంధ్రాల్లోంచి కొట్టి లేపుతారు, చౌక కానీ మెత్తని మట్టి మీద అదీ బరువే. ఫోమ్‌కి 5/8 అంగుళం రంధ్రాలు చాలు, గంటలోపే కారు ఎక్కించొచ్చు. ఇదే ఫోమ్‌తో ఇంటి పునాదిని కూడా లేపేస్తామంటే ఇంజనీరు ఒప్పుకుంటేనే. కింద రేగడి మళ్లీ కుంగితే ఫోమ్ దానితో పాటే దిగుతుంది.

కాగితాల సంగతి. మట్టి కుంగితే మామూలు ఇంటి బీమా ఇవ్వదు. శ్లాబు కింద పైపు లీకుకి విడిగా ఎండార్స్‌మెంట్ (పాలసీకి అదనంగా చేర్చే రక్షణ) తీసుకోవాలి, అది లీకు బయటపడక ముందే ఉండాలి. కొత్త ఇల్లయితే బిల్డర్ వారంటీ చదవండి. 2023లో వచ్చిన టెక్సాస్ చట్టం ప్రకారం బిల్డర్ తగిన రాతపూర్వక వారంటీ ఇస్తే దావా గడువు 10 ఏళ్ల నుంచి 6 ఏళ్లకి తగ్గుతుంది. కాబట్టి బీటల ఫొటోలతో బిల్డర్‌కి రాతలో తెలియజేయడం ఆలస్యం చెయ్యకండి. పియర్ కంపెనీల జీవితకాల వారంటీ వాళ్లు వేసిన పియర్లకే, పక్క గోడకి కాదు. అమ్మేటప్పుడు కొన్నవాళ్ల పేరు మీదకి గడువులోగా మార్పించకపోతే చెల్లదు. సెల్లర్ డిస్‌క్లోజర్‌లో (అమ్మేవాళ్లు ఇంటి గురించి రాసిచ్చే పత్రం) పునాది పని జరిగినట్టు రాయక తప్పదు. ఇంజనీరు రిపోర్టు, పర్మిట్, రెండు ప్లంబింగ్ టెస్టులు, పియర్ల లోతు చీటీ ఒక ఫైల్లో ఉంటే కొనేవాళ్ల ఇన్‌స్పెక్టర్ అడిగే ప్రశ్నలకి అక్కడికక్కడే జవాబు దొరుకుతుంది. గోడల బీటలకి పుట్టీ, రంగు మాత్రం ఒక ఎండా ఒక వానా గడిచాకే వెయ్యండి.