చావుల లెక్క బడ్జెట్ దాకా ఎలా చేరింది?

ప్రశ్న: ప్రజారోగ్యం చదువుతున్నాను. పరిశోధన వల్ల ఆరోగ్య శాఖ ఖర్చు తీరు నిజంగా మారిన చోటు ఆఫ్రికాలో ఏదైనా ఉందా? ఎలా మార్చారు?
– ఒక విద్యార్థిని, వరంగల్

జవాబు: ఉంది. టాంజానియాలోని మొరొగొరో, రుఫీజీ జిల్లాలు. 1990ల చివర్లో అక్కడి ఆరోగ్య శాఖ, కెనడా ప్రభుత్వ నిధులతో నడిచే ఒక పరిశోధన కేంద్రం కలిసి ఈ పని చేపట్టాయి.

ముందు చావుల లెక్క తీశారు. చాలామంది ఇంట్లోనే చనిపోయేవారు కాబట్టి ఆసుపత్రి రిజిస్టర్లు చాలవు. మనిషి పోయిన ఇంటికే వెళ్లి జ్వరం ఎన్నాళ్లుంది, ఆయాసం వచ్చిందా, ఫిట్స్ వచ్చాయా అని అడిగి రాసుకునేవారు. ఆ కాగితాలు చదివి వైద్యులు కారణం తేల్చేవారు. ఇక్కడ అడిగే మాటే కీలకం. మలేరియా ముదిరి బిడ్డకు ఫిట్స్ వస్తే అక్కడ 'దెగెదెగె' అంటారు. దానికీ జ్వరానికీ సంబంధం లేదని నమ్మి నాటువైద్యుడి దగ్గరికి తీసుకెళ్లేవారు ఎందరో. 'మలేరియా వచ్చిందా' అని అడిగితే రాలేదనే చెబుతారు, లెక్క తప్పుతుంది.

ఆ తర్వాత, ఏ జబ్బు వల్ల ఎంత ఆయుష్షు పోయిందో ఏళ్లలో లెక్క కట్టి, ఆ జబ్బుపై పెట్టే ఖర్చు పక్కన గీతల పటంగా పెట్టారు. మొరొగొరోలో మలేరియా, న్యుమోనియా, విరేచనాల వంటి పిల్లల జబ్బులు 28 శాతం ఆయుష్షును హరిస్తుంటే, వాటికి దక్కింది బడ్జెట్లో 13 శాతం. క్షయ వాటా 4 శాతం లోపే, ఖర్చు మాత్రం 22 శాతం. అలాగని క్షయకు కోత పెట్టేయకూడదు. మందులు అందుతున్నందువల్లే చావులు తగ్గి ఉండొచ్చు. ఈ పటం చదివేటప్పుడు అందరూ చేసే పొరపాటు ఇదే.

ఈ ప్రాజెక్టు మనిషికి ఏడాదికి 2 డాలర్ల దాకా అదనంగా ఇవ్వడానికి సిద్ధపడ్డా, జిల్లాలు వాడుకోగలిగింది సుమారు 80 సెంట్లే. జబ్బుపడ్డ బిడ్డను ఒక్కో రోగానికి విడిగా కాక మొత్తంగా పరీక్షించేలా సిబ్బందికి శిక్షణ, దోమతెరలు, మారుమూల కేంద్రాలకు రేడియోలు, చిన్న కేంద్రాలపై పెద్ద కేంద్రాల పర్యవేక్షణ: డబ్బు వీటికి వెళ్లింది.

అయిదేళ్లలో పిల్లల మరణాలు 40 శాతానికి పైగా తగ్గాయని చెబుతారు. కానీ పక్కనున్న కిలొంబెరో, ఉలంగా జిల్లాలతో పోల్చి చూసిన అధ్యయనంలో, శిక్షణ అమలయ్యాక రెండేళ్లలో తేడా 13 శాతమే. అదీ కాకతాళీయం కాదని గణాంకాలు గట్టిగా చెప్పలేకపోయాయి. పోలిక జిల్లాల్లోనూ దోమతెరల వాడకం ఉంది మరి. మీ వ్యాసంలో 40 రాస్తే పక్కనే 13 కూడా రాయండి.