ఇర్విన్ జీవితం రాయబోతున్న మనవరాలికి

చి. బుజ్జికి అమ్మమ్మ ఆశీస్సులు.

నువ్వు లార్డ్ ఇర్విన్ జీవిత చరిత్ర తెలుగులో రాస్తానంటున్నావని మీ అమ్మ నిన్న రాత్రి ఫోన్లో చెప్పింది. ముప్ఫై ఏళ్ళు కాలేజీలో చరిత్ర చెప్పాను, ఇంట్లో ఒక్కరికీ ఆ పిచ్చి అంటలేదని బెంగగా ఉండేది. వినగానే కళ్ళ నీళ్ళు వచ్చాయి. ఆ వెంటనే టెన్షన్ మొదలైంది. ఎందుకో చెబుతాను.

ముందు నీకు తెలిసినవే. కుటుంబ కాగితాలు యార్క్‌లోని బోర్త్‌విక్ ఇన్‌స్టిట్యూట్‌లో ఉన్నాయి, నువ్వుండే లీడ్స్ నుంచి రైల్లో దగ్గరే. వైస్రాయ్ నాటివి లండన్ బ్రిటిష్ లైబ్రరీలో. ముందుగా రాసి అనుమతి తీసుకో, పెన్సిల్ పట్టుకెళ్ళు, చూసిన ప్రతి కాగితం నంబరూ అక్కడే రాసుకో.

ఇక అసలు విషయం. పేర్లు, తల్లీ. ఆ దొరలకు పేర్లు మారిపోతుంటాయి. ఈయన 1881లో ఎడ్వర్డ్ వుడ్‌గా పుట్టాడు. వైస్రాయ్‌గా పంపేముందు 1925లో లార్డ్ ఇర్విన్‌ని చేశారు. 1934లో తండ్రి పోయాక వైకౌంట్ హాలిఫాక్స్ అయ్యాడు. నువ్వు చదివే కాగితాల్లో ‘హాలిఫాక్స్’ అని కనబడితే అది ఈయనైనా కావచ్చు, తండ్రైనా కావచ్చు, 1854లో మన చదువుల మీద ఆ పెద్ద డిస్పాచ్ పంపిన తాత చార్లెస్ వుడ్ అయినా కావచ్చు. తేదీ చూడందే పేరు నమ్మకు.

నేను నమ్మాను. 1974లో, నీకంటే నాలుగేళ్ళు పెద్దదాన్నేమో, ఒక పత్రికకు వ్యాసం రాశాను. మా నాన్నగారు 1930లో బందరు దగ్గర ఉప్పు వండి జైలుకెళ్ళారు, 1931 మార్చి 5న గాంధీ-ఇర్విన్ ఒప్పందం కుదిరాక విడుదలయ్యారు. అందుకని మా ఇంట్లో ఇర్విన్ అంటే కాస్త మెత్తని మాటే. ఒప్పందమైన పద్దెనిమిదో రోజున భగత్ సింగ్‌ను ఉరి తీశారు. అందుకే మా చిన్నాన్న మాత్రం ఇర్విన్ పేరు వింటేనే భోజనం దగ్గర్నుంచి లేచిపోయేవాడు. నేను నాన్న కూతుర్ని కదా, ఇర్విన్ మంచివాడనే పెరిగాను.

రెండో యుద్ధం గురించి చదువుతుంటే హాలిఫాక్స్ అనే విదేశాంగ మంత్రి తగిలాడు. 1937 నవంబరులో హిట్లర్‌ను చూడ్డానికి వెళ్ళి, నవ్వుతూ మాట్లాడి వచ్చినవాడు. నాకు ఒళ్ళు మండింది. ఆ మంటలోనే రాసేశాను: “1938లో ఆ కుర్చీలో హాలిఫాక్స్ బదులు ఇర్విన్ ఉండి ఉంటే మ్యూనిక్ ఒప్పందం జరిగేదే కాదు” అని. చెకోస్లోవేకియాలో ఒక ముక్కను హిట్లర్‌కు ఒప్పజెప్పిన ఒప్పందం అది. అచ్చులో చూసుకుని ఎంత మురిసిపోయానో! నాన్నగారికి చదివి వినిపించాను కూడా.

పది రోజులకు పోస్టు కార్డు వచ్చింది. ఎవరో రిటైరైన మాస్టారు. తిట్టలేదు. “అమ్మాయీ, వ్యాసం బాగుంది” అని మొదలుపెట్టి, కింద మధ్యలో ఇర్విన్ అని రాసి, రెండు గీతలు గీసి, పక్కన హాలిఫాక్స్ అని రాశారు. అంతే. కార్డు చేతిలో పట్టుకుని వీధి గుమ్మంలో అలాగే నిలబడిపోయాను. మళ్ళీ కలం పట్టడానికి నాకు రెండేళ్ళు పట్టింది. నాన్నగారికి మాత్రం ఆ మాట చెప్పలేకపోయాను. ఆయన తెలియకుండానే వెళ్ళిపోయారు. అది ఇప్పటికీ గుచ్చుకుంటుంది.

నీకు అలాంటి కార్డు రాకూడదు. నా భయమంతా అదే.

ఆ తర్వాత ఏళ్ళ తరబడి ఆలోచించాను. ఇద్దరనుకున్నవాడు ఒక్కడేనంటే, మరి మనిషి మారాడా? మారలేదనే నాకనిపిస్తుంది. ఎదుటివాడితో కూర్చుని మాట్లాడితే దారి దొరుకుతుందని ఆయన నమ్మకం. దైవభక్తి గల మనిషి, గాంధీలో ఆ భక్తినే చూశాడు. హిట్లర్ ఇల్లున్న బెర్చెస్‌గాడెన్‌లో కారు దిగబోతూ నల్ల ప్యాంటు కాళ్ళు కనబడితే నౌకరనుకుని కోటు అందించబోయాడు. జర్మన్ మంత్రి గబగబా చెవిలో చెబితే తెలిసింది, ఆ నిలబడింది హిట్లరేనని. మనిషిని పోల్చుకోలేకపోవడం అక్కడితో ఆగలేదు. కానీ 1938 సెప్టెంబరులో ఒక రాత్రంతా నిద్రపోకుండా ఆలోచించి, తెల్లారాక మంత్రివర్గంలో, హిట్లర్ షరతులకు ఒప్పుకుందామన్న తన ప్రధాని మాటకే అడ్డు చెప్పాడు. ఆ రాత్రికి ఒక అధ్యాయం ఇవ్వు. మంచివాడు, చెడ్డవాడు అని తేల్చడానికి తొందరపడకు.

చాలామంది ఆయన కథను 1940 మేలో, ప్రధాని పదవి చర్చిల్‌కు దక్కినచోట ఆపేస్తారు. నువ్వు ఆపకు. ఆయన రాయబారిగా పనిచేసింది ఆ తర్వాతే, 1941 జనవరి నుంచి 1946 దాకా వాషింగ్టన్‌లో. లండన్‌లో యుద్ధం నడుస్తుంటే ఇక్కడ నక్కల వేటకెళ్ళాడని అమెరికన్లు మొదట ఆడిపోసుకున్నారు. డెట్రాయిట్‌లో గుడ్లు విసిరారు. 1942లో ఒక కొడుకు ఈజిప్టు యుద్ధంలో పోయాడు. మరో కొడుక్కి యుద్ధంలోనే రెండు కాళ్ళూ పోయాయి. అయినా పని వదల్లేదు. పుట్టుకతోనే ఎడమ చేతికి అరచెయ్యి లేని మనిషి. ఇవి చదివేటప్పుడు, మా చిన్నాన్న కోపం నాకూ ఉన్నా, మనసు ఆగలేదు. రాస్తున్నప్పుడు నీకూ ఆగకపోతే కంగారుపడకు, భగత్ సింగ్ పేజీ మాత్రం మెత్తబరచకు.

చలిలో భోజనం మానేసి లైబ్రరీలో కూర్చున్నావని తెలిస్తే మాత్రం ఊరుకోను. పాత చేతిరాతలు కళ్ళు తినేస్తాయి. నా కళ్ళు అలాగే పోయాయి. గంటకోసారి లేచి కిటికీలోంచి దూరంగా చూడు. మొదటి అధ్యాయం అవగానే ఫోన్లో కాదు, పెద్ద అక్షరాలతో ప్రింటు తీసి పంపు.

ఆ పోస్టు కార్డు ఈ కవర్లోనే పెట్టాను. ఇంకు బాగా వెలిసిపోయింది. ఎండ తగలని చోట ఉంచు.

మీ అమ్మమ్మ