అమెరికాలోని సహజ ప్రెయిరీ గడ్డినేలలు ఏమైపోయాయి?

ముఖ్యంగా నాగలి కిందికి వెళ్లిపోయాయి. ఒకప్పుడు కెనడా అంచు నుంచి టెక్సాస్ దాకా పొడవు గడ్డి ప్రెయిరీ సుమారు 17 కోట్ల ఎకరాల్లో ఉండేది. ఇప్పుడు 4 శాతం కూడా మిగల్లేదు.

అక్కడి బిగ్ బ్లూస్టెమ్ గడ్డి మనిషి ఎత్తు దాటి పెరుగుతుంది, వేళ్లు రెండు మీటర్లకు పైగా దిగుతాయి. వేల ఏళ్లుగా ఆ వేళ్లు కుళ్లి నేల నల్లగా, సారవంతంగా మారింది. ఆ జిగట మట్టి నాగలికి అంటుకుపోయి దున్నడం కష్టమయ్యేది. 1837లో ఇల్లినాయ్‌లో జాన్ డీర్ అనే కమ్మరి నున్నటి ఉక్కు నాగలి చేశాక ఆ అడ్డు తొలగింది. కొన్ని దశాబ్దాల్లోనే అయోవా, ఇల్లినాయ్ గడ్డినేలలు దాదాపు మొత్తం చేలైపోయాయి.

ఇంకో సంగతి చాలామంది మర్చిపోతారు. మూలవాసులు కావాలని పెట్టే మంటలు, కోట్ల బైసన్ల (అమెరికా అడవి దున్నల) మేత అక్కడ చెట్లను పెరగనిచ్చేవి కావు. వలస వచ్చిన తెల్లవాళ్లు బైసన్లను వేటాడి దాదాపు అంతం చేశారు, మూలవాసులను వాళ్ల నేల నుంచే తరిమేశారు. ఇది తలచుకుంటే నిజంగా బాధేస్తుంది. మంటలు ఆగేసరికి జునిపర్ లాంటి చెట్లు గడ్డిలోకి చొచ్చుకొచ్చాయి.

మిగిలినదాంట్లో ఎక్కువ భాగం కాన్సస్‌లోని ఫ్లింట్ హిల్స్ చుట్టుపక్కలే ఉంది. పైమట్టి కిందే రాయి ఉండడంతో అక్కడ నాగలి దిగలేదు. 1996లో అందులో కొంత భాగాన్ని జాతీయ రక్షిత ప్రాంతం చేశారు. మరికొన్ని చోట్ల విత్తనాలు చల్లి పెంచుతున్నారు. గడ్డి వస్తోంది, పాత ప్రెయిరీలోని రకరకాల పూలమొక్కలు మాత్రం అంత తేలిగ్గా రావడం లేదు.