‘స్థూల’ అంటే సుమారుగానా?

సందేహం: ‘స్థూలంగా చెప్పాలంటే’ అన్నప్పుడు ఉజ్జాయింపుగా అనే అర్థం కదా. మరి ‘స్థూల దేశీయోత్పత్తి’ అంటే దేశం ఉత్పత్తిని ఉజ్జాయింపుగా కట్టిన లెక్కేనా? ఒక్కోచోట ‘స్థూల జాతీయోత్పత్తి’ అని కనిపిస్తోంది. రెండూ ఒకటేనా?

సమాధానం: స్థూలం అంటే లావైనది, పెద్దది. స్థూలకాయం అంటాం. దానికి ఎదురుమాట సూక్ష్మం. వివరాల్లోకి పోకుండా పైపైన చెప్పడం అనే అర్థం ఆ జంట నుంచే వచ్చింది. కానీ స్థూల దేశీయోత్పత్తి (జీడీపీ)లోని స్థూలానికి ఎదురుమాట సూక్ష్మం కాదు, నికరం.

నగల షాపుకు వెళ్లండి. నెక్లెసును రాళ్లతో సహా తూస్తే గ్రాస్ వెయిటు, రాళ్ల బరువు తీసేస్తే నెట్ వెయిటు. గ్రాస్ వెయిటు ఉజ్జాయింపు తూకం కాదు, దాన్నీ మిల్లీగ్రాములతో సహా చూపిస్తారు. తీసేయాల్సింది ఇంకా తీయలేదు, అంతే. దేశం లెక్కలో అలా తీసేయాల్సింది తరుగుదల. ఏడాది వాడకంలో యంత్రాలు అరుగుతాయి, భవనాలు పాతబడతాయి. ఆ విలువ తగ్గించకముందు స్థూలం, తగ్గించాక నికరం. (షాపువాళ్లు ‘తరుగు’ అని బిల్లులో వేసేది వేరే బాదుడు. దాన్ని దీనితో కలపకండి.)

స్థూలం కదా అని కనిపించినవన్నీ కూడేయరు. రైతు వడ్లు 30 రూపాయలకు అమ్మాడు, మిల్లువాళ్లు ఆ బియ్యాన్ని 50కి అమ్మారు, హోటల్లో అదే అన్నమై 90కి అమ్ముడైంది అనుకుందాం. లెక్కలోకి వచ్చేది 170 కాదు, 90. ఒక్కొక్కరు జోడించిన విలువ 30, 20, 40 కూడినా అంతే వస్తుంది.

తికమకకు పాఠ్యపుస్తకాలూ కొంత కారణం. ‘స్థూల అర్థశాస్త్రం, సూక్ష్మ అర్థశాస్త్రం’ అని ఒక పాఠంలో, ‘స్థూల, నికర’ అని ఇంకో పాఠంలో. ఒకే మాటతో రెండు చాకిరీలు! హిందీలో జీడీపీకి ‘సకల్’ అని వేరే మాట పెట్టుకున్నారు. మనం అలా చేయలేదు, ఇప్పుడు మార్చినా ఎవరూ వాడరు. క్లాసులో ‘తరుగుదల తీయని’ అని ఒక్కసారి విడమరిస్తే చాలు.

అన్నట్టు, మీ అనుమానంలో కొంత నిజం లేకపోలేదు. జాతీయ గణాంక కార్యాలయం ముందస్తు అంచనాలు ఇచ్చి, తర్వాత సవరిస్తూ ఉంటుంది. అయితే ఆ సంగతి ‘అంచనా’ అనే మాట చెబుతుంది, ‘స్థూల’ కాదు.

ఇక రెండో సంగతి. దేశీయ + ఉత్పత్తి, జాతీయ + ఉత్పత్తి, రెండూ గుణసంధులే, అర్థాలు మాత్రం వేరు. దేశీయం అంటే ఇక్కడ దేశం సరిహద్దుల లోపల జరిగినది. పెనుకొండ దగ్గర కియా కార్ల తయారీలో జోడయ్యే విలువ, కంపెనీ కొరియాదే అయినా, మన దేశీయోత్పత్తి. ఆ కంపెనీకి చెందే లాభాన్ని మాత్రం జాతీయోత్పత్తి లెక్కలో తీసేస్తారు. మనవాళ్లు విదేశాల్లో పెట్టిన పెట్టుబడి మీద వచ్చే ఆదాయం కలుస్తుంది. జీడీపీకి ‘జాతీయ’ అని రాయడం తప్పు.

‘జాతి’ అనే మాట చూసి, భారతీయులు ఎక్కడ సంపాదించినా ఇందులోకే వస్తుందని చాలామంది అనుకుంటారు. ఇక్కడ చూసేది పౌరసత్వం కాదు, నివాసం. ఏళ్ల తరబడి దుబాయ్‌లో ఉంటున్న జగిత్యాల కార్మికుడి జీతం అక్కడి ఆదాయమే. అతను ఇంటికి పంపే డబ్బు బదిలీ కింద లెక్క. అది దేశీయోత్పత్తిలోనూ ఉండదు, జాతీయోత్పత్తిలోనూ ఉండదు.